వీధి పుస్తకాల బీరువా ఖాళీ అవుతుంటే

మీరు రాసినది రెండుసార్లు చదివాను. రేణిగుంట రోడ్డు వైపున్న మీ కాలనీలో, పార్కు గోడ పక్కన అయిదు నెలల క్రితం ఒక పుస్తకాల బీరువా పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా పెట్టవచ్చు, రుసుము లేదు, రిజిస్టరు లేదు. నూట ఇరవై పుస్తకాలతో మొదలుపెట్టి, ఇంటింటా అడిగి నింపుతూ వచ్చారు. ఇప్పుడు ప్రతి ఆదివారం తెల్లవారుజామున యాభై ఏళ్ల మనిషి ఒకరు సైకిలు మీద వచ్చి, బియ్యం సంచిలో పట్టినన్ని వేసుకుని పోతున్నారు. సంఘంలో కొందరు తాళం వేద్దామంటున్నారు, కొందరు కెమెరా పెడదామంటున్నారు, ఒకరు ఆయన ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. మీరేమో "ఒక్కరికి రెండు పుస్తకాలు మాత్రమే" అని బోర్డు రాయించాలనుకుంటున్నారు. బోర్డు రాసేవాడు వచ్చే ఆదివారం వస్తాడు గనుక ఆలోపు సలహా కావాలన్నారు.

ఆ మాట బోర్డు మీద రాయించవద్దని ముందే చెప్పేసి, తరువాత కారణాలలోకి వస్తాను.

నేను చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోనూ, ఆఖరి తొమ్మిదేళ్లు తిరుపతి చుట్టుపక్కలా శాఖా గ్రంథాలయాలలో గ్రంథపాలకునిగా పనిచేసి 2021లో పదవీ విరమణ చేశాను. ఆ ఏడాదే బైరాగిపట్టెడలో మా ఇంటి ప్రహరీకి ఆనించి, అద్దాల తలుపులున్న పాత ఇనుప బీరువా ఒకటి పెట్టి నడుపుతున్నాను. రిజిస్టరు ఉన్న చోటా, రిజిస్టరు లేని చోటా పుస్తకాలు ఎలా మాయమవుతాయో రెండూ చూసినవాడిని కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పుస్తకం పోవడమంటే మాకు గుండెదడ. స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్క తేలకపోతే దాని వెల తన జీతంలో నుంచి కోస్తారన్న భయంతో, మంచి పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసి, పాఠకుల చేతికి అట్టలు ఊడినవి మాత్రం అందించిన గ్రంథపాలకులను నేను ఎరుగుదును. నిజానికి నియమాలు అంత కఠినంగా లేవు. కేంద్ర ప్రభుత్వపు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నియమం చూడండి: ఏడాదిలో పాఠకులకు ఇచ్చినవీ, అక్కడే చదవడానికి తీసినవీ కలిపి ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని, అందులో దురుద్దేశం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే చాలునని, 1,000 రూపాయలు మించిన పుస్తకమో అరుదైన పుస్తకమో పోయినప్పుడు మాత్రం తప్పక విచారణ జరపాలని అందులో ఉంది. మా శాఖా గ్రంథాలయాలకు అది నేరుగా వర్తించేది కాకపోయినా, తనిఖీ రోజులలో దాన్ని తలచుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లం. 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలను ప్రకటించిన ఎస్.ఆర్. రంగనాథన్ అయితే, పుస్తకాలు ఉపయోగం కోసమేనన్న మొదటి సూత్రాన్ని వివరిస్తూ, ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టివేసిన సంగతితోనే ఆరంభిస్తారు. మీ సంఘంలో తాళం మాట ఎత్తినవారికి ఆ గొలుసుల సంగతి చెప్పి చూడండి.

అయితే మీ బీరువాకు ఈ లెక్క కూడా అక్కరలేదు. అరువిచ్చే చోట పుస్తకం తిరిగి రాకపోతే పోయినట్లు. తిరిగి రావాలంటే దానికి తగిన కట్టుబాటు ఒకటి ఉండాలి; 1970లలో, 80లలో మన ఊళ్లలో ఉండిన అద్దె నవలల కొట్లలో డిపాజిట్టు కట్టించుకున్నది అందుకే. మీరు డిపాజిట్టు వద్దన్నారు, పేరు రాసుకోవడం వద్దన్నారు, తిరిగి ఇవ్వాలన్న షరతూ వద్దన్నారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరిలో టాడ్ బోల్ అనే ఆయన 2009లో, టీచరుగా పనిచేసిన తన తల్లి గుర్తుగా, బడి ఆకారంలో చిన్న చెక్క పెట్టె చేసి ఇంటి ముందు నిలబెట్టినప్పటి నుంచి లోకమంతా వ్యాపించిన పద్ధతి ఇదే. ఒకటి తీసుకోండి, ఒకటి ఇవ్వండి అంటారే గానీ తీసుకున్నదే తిరిగి తెమ్మని అక్కడా అనరు. కాబట్టి మీ బీరువాలో పుస్తకాలు పోవడమనేది ఉండదు. మీరు చూసుకోవలసినవి రెండే: తీసుకున్న పుస్తకం చదివేవాడికి చేరిందా, తరువాత వచ్చినవాడికి అరలో ఏమైనా మిగిలిందా. ఇందులో రెండోది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. మొదటిది సగం మీ చేతిలో ఉంది.

మొదటి సంవత్సరం నేనూ మీలాగే కంగారుపడ్డాను. ఒక శనివారం సాయంత్రం నలభై పుస్తకాల దాకా తీరిగ్గా సర్ది పడుకుంటే, ఆదివారం ఉదయం పాలపాకెట్టు కోసం గేటు తీసేసరికి పై అరలో రెండు పుస్తకాలు, కింది అరలో ఎవరో మరచిపోయిన విరిగిన స్కేలు మిగిలాయి. ఆ కోపంలో ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, మీరు రాయించదలచుకున్న మాటే రాసి తగిలించాను. దానివల్ల ఏం జరిగిందో చెబుతాను. మా వీధి పిల్లలు రెండుకు మించి తీసుకోలేదు; వాళ్లు అంతకుముందూ రెండుకు మించి తీసుకునేవారు కాదు. నాలుగిళ్లలో వంట చేసే ఒకావిడ ఉండేది. ఇద్దరు కూతుళ్ల కోసమని వారానికి నాలుగైదు ఏరుకునేది. ఆవిడ రావడమే మానేసింది. చాలా రోజుల తరువాత మా ఇంటావిడ కనిపించి అడిగితే, "నన్ను చూసే ఆ బోర్డు పెట్టినారేమో అనుకున్నా అక్కా" అన్నదట. సంచితో వచ్చే మనిషి మాత్రం ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే నింపుకుని పోయాడు. మూడు వారాలకు ఆ అట్టముక్కను నేనే పీకి పారేశాను.

ఆ మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. పుస్తకాలు ఎక్కడికి పోయాయో మాత్రం ఒక సాయంత్రం తెలిసింది. అలిపిరి రోడ్డు వైపు నడకకు వెళ్లి, తోపుడుబండి దగ్గర ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నాను. పొట్లం విప్పుతుంటే కాగితం అంచున ఊదారంగు సిరాతో, తడికి అలుక్కుపోయిన నా బీరువా ముద్ర కనిపించింది. కాయలు జేబులో పోసుకుని, కాగితాన్ని దీపస్తంభం కింద సాపు చేసి చదివాను. అది ఏదో పోటీ పరీక్ష గైడులోని పుట. "ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాల సంఖ్య?" అని ప్రశ్న, దాని కింద "13" అని జవాబు. అప్పటికి 26 జిల్లాలు ఏర్పడి నాలుగు నెలలైంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మన తిరుపతే ఒక జిల్లాకు కేంద్రం. ఆ గైడు లెక్కన నేను నిలబడి ఉన్న రోడ్డు ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. కోపం రావలసిన చోట నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే, ఏ పిల్లవాడైనా నమ్ముకుని పరీక్షకు పోతే మార్కు పోగొట్టే ఆ పుస్తకాన్ని చక్కగా ముద్ర వేసి అరలో నిలబెట్టింది నేనే.

ఇంటికి వచ్చి బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఉన్నవన్నీ కింద పోసి చూశాను. సిలబస్ మారిపోయిన గైడ్లు, సగం నింపిన ఎంసెట్ ప్రాక్టీసు పుస్తకాలు, ఎవరో ఎల్ఐసీ వారు ఇచ్చిన డైరీలు, మొదటి ఇరవై పుటలు లేని నవలలు, టెలిఫోను డైరెక్టరీ ఒకటి. వీటన్నిటికీ తోడు మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో, పన్నెండో రోజు భోజనాల దగ్గర పంచిపెట్టిన దేవుడి పుస్తకాలు ప్రతి ఇంట్లోనూ పేరుకుపోయి ఉంటాయి. చిత్తు కాగితాలకు వేయడానికి చేతులు రావు, ఉంచుకోవడానికి చోటు చాలదు. కాబట్టి కళ్లకద్దుకుని తెచ్చి మన బీరువాలో పెట్టి, పుణ్యం మూటగట్టుకున్నట్లు తేలికపడి వెళ్లిపోతారు. ఒకే వ్రతకల్పం పదకొండు ప్రతులు ఉన్నాయి ఆ రోజు. భక్తి పుస్తకాల మీద నాకు చిన్నచూపు లేదు. పదకొండింటిలో ఒకటి ఉంచి, మిగిలినవి రెండు భజన మందిరాలకు ఇచ్చి వచ్చాను, సంతోషంగా తీసుకున్నారు.

అందుచేత మీరు మొట్టమొదట చేయవలసినది ఇది. వచ్చే శనివారం రాత్రి అరలో ఉన్నవాటి పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆదివారం ఆయన వచ్చి వెళ్లాక ఏవి మిగిలాయో చూడండి. పోయినవాటి కంటే మిగిలినవే మనిషిని ఎక్కువ పట్టిస్తాయి. దళసరివీ, పెద్ద సైజువీ పోయి, పలుచనివి మిగిలితే పుస్తకాలు తూకానికి పోతున్నట్లు. కొత్త గైడ్లు, పేరున్న రచయితల నవలలు, ఇంగ్లీషు మీడియం పాఠ్యపుస్తకాలు మాత్రం పోయి, వెల లేనివి మిగిలితే ఎక్కడో పాత పుస్తకాల అమ్మకానికి పోతున్నట్లు. బొమ్మల పుస్తకాలు, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పనికివచ్చేవి మాత్రమే పోతే ఎక్కడో పిల్లలున్నట్లు. మంచీ చెడ్డా చూడకుండా, ఒకే పుస్తకం రెండు ప్రతులున్నా రెండూ తీసుకుపోతే మాత్రం అది వేరే జబ్బు. దాని సంగతి తరువాత చెబుతాను.

తూకానికే అనుకుందాం. రెండు వందల పుటల నవల పావుకిలోకు అటూ ఇటూ తూగుతుంది. సైకిలు మీద మోయదగినట్లు నలభై, యాభై పుస్తకాలు వేసుకుంటే పది, పన్నెండు కిలోలు. పాత సామాన్ల కొట్టువాడు కిలోకు పన్నెండు రూపాయలు కట్టినా మొత్తం నూట యాభై దాటదు. ఆదివారం చీకటితో లేచి, అంత దూరం తొక్కుకొచ్చి, కుక్కల అరుపుల మధ్య సంచి నింపుకుని పోయేది ఆ నూట యాభై కోసమే అయితే, ఆయనను ఆపడానికి మూడు వేలు పెట్టి కెమెరా కొనడం నాకు సబబుగా తోచడం లేదు. నేను చేసినది వేరు. ఏరి పక్కన పెట్టిన పనికిరాని గైడ్లు, డైరీలు, పుటలు చిరిగినవి అన్నీ ఒక గోనె సంచిలో వేసి మూతి కట్టి, బీరువా కింద నేలమీద పెట్టి, దాని మీద "తూకానికి" అని రాసిన చీటీ కట్టాను. ఆదివారం ఉదయానికి సంచి పోయింది, అరలో పుస్తకాలు ఉన్నాయి. అప్పటి నుంచి నెలకొకటి చొప్పున కడుతున్నాను. మా ఇద్దరి మధ్య ఇంతవరకు ఒక్క మాట జరగలేదు, ఒప్పందం మాత్రం తప్పలేదు. ఖాళీ సంచిని మడతపెట్టి బీరువా మీద పెట్టిపోతాడు కూడా.

ఇక రెండో సంగతి, అరలో ఎన్ని ఉంచాలన్నది. మీరు బీరువా నిండుగా కనబడాలని తాపత్రయపడుతున్నారు. ఆ తాపత్రయమే మిమ్మల్ని ముంచుతోంది. నూట ఇరవై పుస్తకాలు వీధిలో పెట్టనవసరం లేదు. ముప్పై చాలు. మిగిలినవి సంఘం గదిలోనో, మీ ఇంట్లోనో ఉంచి, రెండు మూడు రోజులకొకసారి పది చొప్పున తెచ్చి పెట్టండి. ముప్పై ఉన్నచోట ఎంత ఆశపడినా ముప్పైకి మించి తీసుకుపోలేరు, మరునాడు మీరు మళ్లీ ముప్పై పెట్టగలరు. ఇంకో లాభమూ ఉంది. ఇరికించి పేర్చినప్పుడు వెన్ను తప్ప ఏమీ కనబడదు, వెన్ను మీద పేర్లు మన తెలుగు పుస్తకాలకు సగానికి ఉండవు. ముప్పై మాత్రమే ఉంటే ఆరేడింటిని అట్ట కనబడేటట్లు నిలబెట్టవచ్చు, ముందు పోయేవి అవే. పెట్టే వేళ కూడా మార్చండి. బడులు వదిలే వేళకు, మంగళవారమో గురువారమో, ఒక వారం పెట్టిన రోజున మరో వారం పెట్టకుండా పెట్టండి. శనివారం రాత్రి నింపడమంటే ఆదివారం తెల్లవారుజామున వచ్చే మనిషికి విస్తరి వేసి ఉంచినట్లే.

అమ్మకానికి తీసుకుపోయేవాడికి ముద్ర కొంత అడ్డుపడుతుంది. లోపలి మొదటి పుట మీద ముద్ర వేస్తే ఆ కాగితం చింపేస్తారు. గ్రంథాలయాలలో మాకు రహస్య పుట అని ఒకటి ఉండేది. ప్రతి పుస్తకంలోనూ అదే అంకె గల పుట మీద ముద్ర పడేది, ఆ అంకె మాకు తప్ప ఇతరులకు తెలిసేది కాదు. మీకు దొంగను పట్టుకోవడం అవసరం లేదు, కొనేవాడికి కనబడడమే అవసరం కాబట్టి, పుస్తకం మూసి పట్టుకుని పుటల అంచు మీద, వెన్నుకు ఎదురుగా ఉండే వైపు, "ఉచితం - అమ్మరాదు" అని వేయండి. అది చింపితే పోదు, గీకితే పుస్తకమే అసహ్యంగా తయారవుతుంది. తూకానికి వేసేవాడికి ఏ ముద్రా అడ్డు కాదని చెనక్కాయల పొట్లం చెప్పింది కదా.

గైడ్ల విషయంలో మాత్రం నేను ఉచితం మాట పక్కన పెట్టాను. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబులు పరీక్షల కోసం పల్లెల నుంచి వచ్చి గదులు తీసుకుని చదువుకునే పిల్లలు మన ఊరి నిండా ఉన్నారు. వాళ్లకు కొత్త గైడు దొరకడం ఎంత అవసరమో, అది వీధి బీరువాలో గంటసేపు నిలవడం అంత కష్టం. తాజా గైడ్లు ఇంట్లోనే ఉంచి, పేరు, ఊరు రాసుకుని పదిహేను రోజులకు ఇస్తాను. తిరిగి రానివీ ఉన్నాయి, అయినా ఎక్కువ భాగం వస్తాయి, ఉద్యోగం వచ్చాక తమ పుస్తకాలన్నీ తెచ్చి ఇచ్చిన వాళ్లూ ఉన్నారు. శాఖా గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం తీసుకోమని కూడా వాళ్లకు చెబుతుంటాను. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మన ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతూనే ఉన్నాము, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ.

వేరే జబ్బు అన్నాను కదా, అది పోగేసుకునే జబ్బు. అన్నిటిలోకీ నన్ను ఓడించింది ఇదే. మా పక్క వీధిలో పెన్షను తీసుకునే పెద్దమనిషి ఒకాయన వారానికి రెండుసార్లు వచ్చి పదేసి తీసుకుపోయేవారు. ఒకరోజు పలకరించాను.

"ఏం సామీ, మొన్న తీసుకుపోయినవి అయిపోయినాయా?"

"యాడ సార్, అద్దాలు మార్పించాల. ఇంట్లో ఉంటే ఎప్పుడన్నా చదవచ్చు గదా. మళ్లీ వస్తే ఉంటాయో ఉండవో."

ఆయనకు మరీ దగ్గరైతే మారతారని, బీరువా సర్దే పనిలో ఆయననూ కలుపుకున్నాను. అది నా పొరపాటు. కొత్తగా వచ్చినవి అరలోకి ఎక్కకముందే ఆయన సంచిలోకి ఎక్కేవి. రెండేళ్లకు ఆయన పోయాక, కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి ఆటోలో మూడు మూటలు తెచ్చి మా గేటు ముందు దించాడు. రెండు మూటలలో పుస్తకాలు తెరిచిన గుర్తు కూడా లేకుండా ఉన్నాయి. మూడోది విప్పగానే చెదలు. అట్టలు అట్టలుగానే నిలిచి లోపల మట్టి మిగిలింది. నలభై పిల్లల పుస్తకాలు ఉండి ఉంటాయి అందులో. పొట్లం కట్టిన కాగితమైనా ఒకరి చేతిలో ఒకసారి విప్పుకుంటుంది. నన్నడిగితే తూకానికి అమ్మినవాడి కంటే ఈయన చేసిన నష్టమే పెద్దది, అయినా మా వీధిలో ఎవరూ ఆయన ఫొటో తీయలేదు, ఎందుకంటే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గుడ్డ సంచితో వచ్చేవారు.

ఆయన అన్న మాటలో ఒకటి నేను తరువాత వాడుకున్నాను: "ఉంటాయో ఉండవో." చాలామంది ఎక్కువ తీసుకునేది అందుకే. రేపు ఉండదనుకున్నవాడు ఇవాళే రెండు చేతులా తీసుకుంటాడు. లోపల ఇంకా ఉన్నాయని, ఎప్పుడొచ్చి అడిగినా ఇస్తామని తెలిసిన దగ్గర నుంచి మా బీరువా దగ్గర అయిదు తీసుకునేవారు రెండుకు దిగారు. ఏ బోర్డూ రెండు అని చెప్పకుండానే.

వాట్సాప్‌లో పెట్టిన ఆ ఫొటోను దయచేసి ఈ రోజే తీయించండి. నేను వకీలును కాను గానీ, భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షను చెప్పే దొంగతనానికి, వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో వారి సమ్మతి లేకుండా తీసుకోవడం ముఖ్యం. "ఉచితం, తీసుకోండి" అని మీరే రాసి పెట్టాక సమ్మతి లేదనడం ఎలా? చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ఫొటో చూసినవారు రేపు ఆ మనిషిని పాలబూతు దగ్గరో, పనిచేసే చోటో నిలదీస్తే, మీరు పుస్తకాలు పంచబోయి ఒకరి పరువు తీసినవారవుతారు. మీ గ్రూపులో ఒకసారి ఆలోచించమనండి: కారు ఆపి, పిల్లవాడి కోసమని పన్నెండు తీసుకుపోయిన వారెవరినీ ఈ అయిదు నెలల్లో ఎవరూ చూడలేదా?

ఆయనతో మాట్లాడాలనుకుంటే సంఘం తరఫున నలుగురు కలిసి వెళ్లవద్దు. మీరొక్కరే, చేతిలో ఏదో పని ఉన్నట్లు, అరలు తుడుస్తూ ఉండండి. "అన్నా, ఏం పుస్తకాలు కావాలో చెబితే లోపల చూసి ఇస్తా" అనండి. "ఎందుకు తీసుకుపోతున్నావు" అని మాత్రం అడగవద్దు. పుస్తకాల మనిషి అయితే పేర్లు చెబుతాడు, పిల్లలుంటే తరగతి చెబుతాడు, తూకం మనిషి అయితే నవ్వి ఊరుకుంటాడు. అప్పుడు గోనె సంచి చూపించవచ్చు.

ఇంకో చిన్న మాట, మీరు అడగకపోయినా. పార్కు గోడ పక్కన అంటున్నారు కాబట్టి బీరువా అడుగు నేలకు కనీసం రెండు అడుగుల ఎత్తున ఉందో లేదో చూడండి. 2021 నవంబరు వానలకు మా వీధిలో నీళ్లు నిలిచి కింది రెండు అరలు ముద్దైపోయాయి. సంచి మనుషులందరూ కలిసి ఏడాదిలో తీసుకుపోయినవాటి కంటే ఆ రెండు రోజులలో పోయినవే ఎక్కువ. అరలలో కలరా ఉండలు గుడ్డలో కట్టి, చిన్న పిల్లల చేతికి అందనంత పైన పెట్టండి.

బోర్డు రాసేవాడు ఎలాగూ వస్తున్నాడు గనుక వట్టి చేతులతో పంపవద్దు. మూడు వరుసలు రాయించండి: "పుస్తకాలు ఉచితం. చదివాక ఇక్కడైనా, ఎక్కడైనా ఇచ్చేయండి. ఇంకా కావాలంటే ఫలానా నంబరు ఇంట్లో అడగండి, లోపల చాలా ఉన్నాయి." మీ ఇంటి నంబరు రాయండి, ఫోను నంబరు వద్దు, రాత్రి పదకొండింటికి ఫోను చేసి గైడు ఉందా అని అడుగుతారు, అనుభవంతో చెబుతున్నాను.

లోపల చాలా ఉన్నాయని రాశాక నిజంగానే ఉండాలి కదా. మా వెనుక గదిలో పిల్లల బొమ్మల కథలు రెండు అట్టపెట్టెలు, మంచి స్థితిలో ఉన్న నవలలు ఒక నూరు దాకా ఉన్నాయి. సాయంత్రం అయిదు దాటాక ఎప్పుడైనా వచ్చి గేటు దగ్గర పిలవండి. బియ్యం సంచి మాత్రం మీరే తెచ్చుకోవాలి.